భక్త్ సింగ్ (క్రైస్తవ సువార్తికుడు)

ఈ వ్యాసం హైదరాబాదు హెబ్రోను సంఘ స్థాపకుడైన క్రైస్తవ సువార్తికుడు భక్త్ సింగ్ గురించినది. స్వాతంత్ర్య సమరయోధుడు భగత్ సింగ్ వేరు.

భక్త్ సింగ్ (1903 జూన్ 6 - 2000 సెప్టెంబరు 17) 20వ శతాబ్దానికి చెందిన ప్రముఖ భారతీయ క్రైస్తవ సువార్తికుడు, బైబిలు బోధకుడు. పంజాబులో సిక్కు సంప్రదాయం గల కుటుంబంలో జన్మించాడు. విద్యార్థిగా ఉన్నప్పుడు తనకు బహుమతిగా ఇచ్చిన బైబిలును చింపివేశాడు. తరువాత కెనడాలో చదువుకుంటూ 1929లో పశ్చాత్తాపపడి క్రీస్తును అంగీకరించాడు. 1933లో స్వదేశానికి తిరిగివచ్చి, జీవితాంతం సువార్త ప్రచారం చేశాడు. 1950 నుండి హైదరాబాదులోని హెబ్రోను ఆయన సేవకు కేంద్రమైంది. తెలుగు ప్రాంతాలలో, అందులోను నల్గొండ, మహబూబ్ నగర్ వంటి తెలంగాణ జిల్లాలలో, అంతకుముందే క్రైస్తవులైన కుటుంబాల వారికి ఆయన పశ్చాత్తాపాన్ని గూర్చి చేసిన బోధ ప్రత్యేకమైనది.

జననం, బాల్యం

భక్త్ సింగ్ 1903 జూన్ 6న అవిభక్త పంజాబులోని జోయియా అనే గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం ఇప్పుడు పాకిస్తానులో ఉంది. తండ్రి లాలా జవాహర్ మల్, తల్లి లక్ష్మీబాయి. ఇంటిపేరు ఛాబ్రా. కుటుంబం కలిగినది. సిక్కు మతాచారాలను నిష్ఠగా పాటించే ఇంట్లో పెరిగిన భక్త్ సింగ్ చిన్ననాటి నుండి గురుద్వారా సేవలో ఆసక్తి చూపేవాడు.

చదువు కోసం ఆయనను క్రైస్తవ మిషను పాఠశాలలో చేర్చి, వసతిగృహంలో ఉంచారు. అక్కడ కొన్నేళ్ళు గడిపినా క్రైస్తవ మతం పట్ల ఆయనకు విముఖతే తప్ప ఆసక్తి కలగలేదు. పరీక్షలో ఉత్తీర్ణుడైనప్పుడు ఆయనకు అందమైన తోలు అట్టతో ఉన్న బైబిలును బహూకరించారు. ఆయన లోపలి కాగితాలన్నీ చింపివేసి, అట్ట బాగున్నదని దానిని మాత్రం ఉంచుకున్నాడు. ఈ సంఘటన తరువాతి జీవితంలో ఆయనను ఎంతగానో బాధించింది. తన సాక్ష్యం చెప్పినప్పుడు దీనిని దాచకుండా చెప్పేవాడు.

ఇంగ్లండు ప్రయాణం

లాహోరులో ప్రభుత్వ కళాశాల చదువు తరువాత పైచదువులకు ఇంగ్లండు వెళ్ళాలని భక్త్ సింగ్ కోరుకున్నాడు. తండ్రి మొదట ఒప్పుకోలేదు. తల్లి సహాయం చేయడానికి అంగీకరించి, మతం మార్చుకోనని కుమారుని వద్ద మాట తీసుకుంది. అప్పటి తన విశ్వాసంపై పూర్తి ధీమాతో ఆయన మాట ఇచ్చాడు.

1926లో లండనులోని కింగ్స్ కాలేజీలో ఇంజనీరింగు విద్యార్థిగా చేరాడు. అక్కడ కొద్దికాలానికే పాశ్చాత్య జీవన విధానానికి అలవాటుపడ్డాడు. సిక్కు మతచిహ్నాలైన కేశాలను, గడ్డాన్ని తీసివేశాడు. పొగ త్రాగడం, మద్యపానం అలవాటయ్యాయి. ఐరోపా దేశాలలో పర్యటించాడు. దేవుని గూర్చిన ఆలోచనను వదలి తాను స్వేచ్ఛావాదినని చెప్పుకోసాగాడు. తల్లికి ఇచ్చిన మాట ప్రకారం ఆయన వేరే మతంలో చేరలేదు కాని, పుట్టి పెరిగిన మతాన్నీ పాటించలేదు. బయటికి ఉత్సాహంగా కనిపించిన ఈ సంవత్సరాలలో తనకు లోపల శాంతి లేకపోయిందని తరువాత చెప్పాడు.

ఓడలో జరిగిన ఆరాధన

1928లో భక్త్ సింగ్ తోటి విద్యార్థులతో కలిసి ఓడలో కెనడాకు ప్రయాణించాడు. ఓడలోని భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరుగుతుందన్న ప్రకటన చూసి, కుతూహలం కొద్దీ వెళ్ళాడు. అందరూ ప్రార్థనకు మోకరించినప్పుడు ఆయనకు సంకోచం కలిగింది. తన చదువు, జాతి, మతం గురించిన అభిమానం అడ్డువచ్చింది. మసీదుకు, మందిరానికి వెళ్ళినప్పుడు అక్కడి మర్యాదను పాటించిన తాను ఇక్కడ మాత్రం ఎందుకు పాటించకూడదని తనలో తాను తర్కించుకుని, చివరకు మోకరించాడు. ఆ క్షణంలో తనలోని గర్వం తొలగిపోయి వర్ణింపరాని మార్పు కలిగిందని, అప్రయత్నంగా యేసు నామాన్ని ఉచ్చరించానని ఆయన సాక్ష్యం.

అయితే ఈ అనుభవం తరువాత ఆయన వెంటనే బైబిలు చదవలేదు, క్రైస్తవ సంఘంలోనూ చేరలేదు. క్రీస్తు పట్ల గౌరవం మాత్రం ఏర్పడింది. ఓడలో మోకరించిన రోజుకు, తన పాపాన్ని ఒప్పుకున్న రోజుకు మధ్య ఏడాదికి పైగా గడిచింది.

విన్నిపెగ్‌లో మారుమనస్సు

1929లో వ్యవసాయ ఇంజనీరింగు చదవడానికి కెనడాలోని విన్నిపెగ్ నగరానికి వెళ్ళి మానిటోబా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ సంవత్సరం డిసెంబరులో ఒక మిత్రుని బైబిలు అడిగాడు. ఒకప్పుడు బైబిలును చింపిన వ్యక్తి దానిని అడగడం ఆ మిత్రునికి ఆశ్చర్యం కలిగించింది. అతడు తన జేబులో ఉన్న చిన్న కొత్త నిబంధన గ్రంథాన్ని ఇచ్చాడు. భక్త్ సింగ్ మత్తయి సువార్త మొదటి నుండి ప్రారంభించి, తెల్లవారుజాము వరకు చదివాడు. మరునాడు బయట మంచు కురుస్తుండగా గదిలోనే ఉండి చదువు కొనసాగించాడు.

ఆ తరువాతి రోజు యోహాను సువార్త మూడవ అధ్యాయం చదువుతుండగా, క్రొత్తగా జన్మించుటను గూర్చి యేసు నికొదేముతో చెప్పిన మాటలు ఆయన హృదయాన్ని తాకాయి. అప్పటి వరకు క్రీస్తును గొప్ప బోధకునిగా భావించిన ఆయన, తాను ద్వేషించి అవమానించినది ఈయననే అని గ్రహించాడు. చింపివేసిన బైబిలు, మిషనరీల గురించి తాను ఆడిన మాటలు, ఇతర పాపాలు ఒక్కటొక్కటిగా గుర్తుకు వచ్చాయి. తాను చేసినదానికి క్షమాపణ ఉండదని భయపడ్డాడు. క్రీస్తు శరీరం, రక్తం తన కొరకే అర్పించబడ్డాయన్న నమ్మకం కలిగినప్పుడు కన్నీటితో పాపాలు ఒప్పుకుని, క్షమాపణ పొందానన్న నిశ్చయతతో లేచాడు. 1929 డిసెంబరు 16 ఆయన తన రక్షణ దినంగా చెప్పుకున్న తేదీ.

ఆ తరువాత దురలవాట్లు మానివేశాడు. ఇతర పుస్తకాలు పక్కనపెట్టి బైబిలునే పదేపదే చదివాడు. విన్నిపెగ్‌లో జాన్ హేవార్డ్, ఎడిత్ హేవార్డ్ అనే క్రైస్తవ దంపతులు ఆయనను ఇంటిలో చేర్చుకుని, విశ్వాసంలో బలపడడానికి తోడ్పడ్డారు. 1932 ఫిబ్రవరి 4న వాంకూవరులో బాప్తిస్మం పొందాడు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో దేవుని సేవకు పూర్తిగా అంకితం కావాలని నిశ్చయించుకున్నాడు. పంజాబులోని ఆస్తిపై హక్కు వదులుకోవడం, ఏ మిషను సంస్థలోనూ చేరకపోవడం, తన అవసరాలను మనుష్యులకు చెప్పకపోవడం వంటి నియమాలను స్వీకరించి, చివరి వరకు పాటించాడు.

స్వదేశాగమనం

1933 ఏప్రిల్ 6న భక్త్ సింగ్ బొంబాయి చేరాడు. తాను క్రైస్తవుడనైన సంగతి అంతకుముందే ఇంటికి తెలియజేశాడు. తల్లిదండ్రులు బొంబాయికి వచ్చి కలిశారు. కుటుంబ గౌరవం కోసం ఈ సంగతిని రహస్యంగా ఉంచమని వారు కోరారు. ఇంటిలో బైబిలు చదువుకోవడానికి, ప్రార్థన చేసుకోవడానికి వారికి అభ్యంతరం లేదు. ఆయన అందుకు ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు ఆయనను బొంబాయిలోనే విడిచి వెళ్ళారు.

తల్లికి ఇచ్చిన మాట ఇక్కడ తప్పినట్లయింది. పైచదువుకు పంపిన కుమారుడు ఉద్యోగం, ఆస్తి, ఇల్లు లేకుండా వీధిలో నిలబడి బోధించడం ఆ కుటుంబానికి పెద్ద దెబ్బ. తనకు కలిగిన మారుమనస్సును దాచడం దానిని కాదనడంతో సమానమని ఆయన భావించాడు. తరువాతి కాలంలో ఆయన తండ్రి కూడా క్రీస్తును విశ్వసించాడు.

పంజాబులో ఉజ్జీవం

భక్త్ సింగ్ మొదట కరాచీ, సింధు, పంజాబు ప్రాంతాలలో వీధి ప్రసంగాలతో సేవ ప్రారంభించాడు. ఆయన పేరు దేశమంతటా తెలియడానికి కారణం 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్ అనే క్రైస్తవ గ్రామంలో జరిగిన ఉజ్జీవం. ఇక్కడ ప్రజలు అప్పటికే బాప్తిస్మం పొందినవారు. సంఘం, పాఠశాల, పాదిరి అన్నీ ఉన్న గ్రామం. వీరికి కావలసినది మతం మారడం కాదని, తమ పాపాలను ఒప్పుకుని దేవుని వైపు తిరగడమని భక్త్ సింగ్ బోధించాడు. అనేకులు బహిరంగంగా తమ తప్పులు ఒప్పుకున్నారు. పుట్టుకతో క్రైస్తవుడైనంత మాత్రాన మారుమనస్సు అవసరం లేకపోదన్న ఈ బోధ తరువాత దక్షిణ భారతదేశంలో ఆయన సేవకు పునాది అయింది.

మద్రాసు, హైదరాబాదు

1938 నాటికి మద్రాసులో ఆయన కూటములకు వేలాది మంది వచ్చేవారు. సంఘాలలో జరిగిన మార్పు నిలవాలంటే కొత్త నిబంధనలోని పద్ధతిలో స్థానిక సంఘాలు ఏర్పడాలని ఆయనకు అనిపించింది. 1941లో కొందరు సహచరులతో పల్లావరం కొండపై రాత్రంతా ప్రార్థన చేసిన తరువాత, జూలై 12న మద్రాసులో యెహోవా షమ్మా అనే సంఘాన్ని ప్రారంభించాడు. ఆ సంవత్సరం డిసెంబరులో మొదటి పరిశుద్ధ సమావేశాలు అక్కడే జరిగాయి. బైబిలులోని లేవీయకాండం 23వ అధ్యాయంలో చెప్పబడిన పండుగ కూడికలే వీటికి ఆధారం.

1950లో హైదరాబాదులోని ముషీరాబాదు ప్రాంతంలో, గోల్కొండ చౌరస్తా వద్ద హెబ్రోను ప్రారంభమైంది. నిజాం పాలన 1948 సెప్టెంబరులో ముగిసింది. హైదరాబాదు ఇంకా ప్రత్యేక రాష్ట్రంగానే ఉంది. తెలంగాణ రైతాంగ పోరాటం 1951 వరకు కొనసాగింది. ఈ పరిస్థితులలో మొదలైన హెబ్రోను, తరువాతి యాభై ఏళ్ళు భక్త్ సింగ్ నివాసంగాను, ఆయన సేవకు కేంద్రంగాను ఉంది.

హెబ్రోనులో ఏటా జరిగిన పరిశుద్ధ సమావేశాలకు వేలాది మంది వచ్చి, పందిళ్ళలో, గుడారాలలో బస చేసేవారు. అందరికీ ఉచితంగా భోజనం పెట్టేవారు. డబ్బు కోసం విజ్ఞప్తి చేసేవారు కాదు. స్త్రీలు ఒక వైపు, పురుషులు ఒక వైపు నేలమీద చాపలపై కూర్చునేవారు. కులం, హోదా చూడకుండా ఒకే పంక్తిలో భోజనం చేసేవారు. ఆదివారం ఆరాధన చాలా గంటలు సాగేది. అందులో ప్రభువు బల్ల, తరువాత ప్రేమ విందు ఉండేవి. భక్త్ సింగ్ ఇంగ్లీషులో బోధించగా పక్కన నిలబడిన అనువాదకులు తెలుగులో చెప్పేవారు.

నల్గొండ, పాలమూరు నేపథ్యం

ఈ రెండు జిల్లాలలో ప్రొటెస్టెంటు సంఘాలు 19వ శతాబ్దం చివరి నుండి ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టు మిషను పాలమూరులో 1885లో కేంద్రాన్ని స్థాపించింది. 1890లో రష్యా నుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ ఆ మిషను తరఫున నల్గొండలో పని ప్రారంభించాడు. తరువాత అమెరికాకు చెందిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషను నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తిలలో కేంద్రాలు నెలకొల్పింది. 1937లో మహబూబ్ నగర్, గద్వాల ప్రాంతాలు కూడా ఈ మిషను క్రిందికి వచ్చాయి. వీటిలో పలు ప్రాంతాలు 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనలో వేరు జిల్లాలయ్యాయి.

ఈ సంఘాలలో చేరినవారు అధికంగా మాదిగ, మాల కులాలవారు. బాప్తిస్మం పొందిన వ్యక్తి గ్రామదేవత కొలుపులలో పాల్గొనడం, కల్లు త్రాగడం, రెండవ భార్యను తెచ్చుకోవడం వంటివి చేస్తే సంఘం అతనిని ప్రభువు భోజనం నుండి దూరంగా ఉంచేది. అతడు సంఘం ఎదుట తప్పు ఒప్పుకుంటే తిరిగి చేర్చుకునేది. ఇందులో ఒక చిక్కు ఉండేది. పండుగలో డప్పు కొట్టడం మాదిగలకు వంశపారంపర్యంగా వచ్చిన వెట్టి. దానిని మానుకుంటే గ్రామ పెత్తందార్ల ఆగ్రహానికి గురికావాలి, మానకపోతే సంఘం దృష్టిలో దోషి కావాలి. ఈ విధంగా పాపం ఏది, బలవంతం ఏది అన్న ప్రశ్న పల్లె క్రైస్తవునికి నిత్యజీవితంలోనే ఎదురయ్యేది.

హెబ్రోను ప్రారంభమయ్యేనాటికి ఈ సంఘాలలో రెండవ, మూడవ తరం వారు ఎదిగివచ్చారు. వారు దేవతలను విడిచి వచ్చినవారు కాదు, క్రైస్తవ ఇంటిలోనే పుట్టినవారు. మార్టిన్‌పూర్‌లో భక్త్ సింగ్ చూసిన స్థితి ఇక్కడా ఉంది. ముంచుట ద్వారా బాప్తిస్మమిచ్చే పద్ధతి, బైబిలుకే ప్రాధాన్యం ఇవ్వడం బాప్టిస్టు, మెన్నొనైట్ కుటుంబాలకు అలవాటైనవే కనుక హెబ్రోను బోధ వారికి కొత్తగా తోచలేదు. హైదరాబాదు సమీపంలో ఉండడం వల్ల ఈ జిల్లాల నుండి సమావేశాలకు రావడం కూడా సులభమైంది.

పశ్చాత్తాపం గురించిన బోధ

విశ్వాసి పాపంలో పడినప్పుడు దేవుని వద్దకు ఎలా తిరిగి రావాలన్నది భక్త్ సింగ్ ప్రసంగాలలో తరచు వచ్చిన విషయం. పేతురు, యూదా ఇద్దరూ క్రీస్తు పట్ల తప్పు చేసినవారే, ఇద్దరూ దుఃఖించినవారే. యూదా దుఃఖం నిరాశలో ముగిసింది. పేతురు తిరిగి క్రీస్తు ఎదుటికి వచ్చాడు. చేసిన పనికి విచారపడడం వేరు, దేవుని వైపు తిరగడం వేరు అన్న క్రైస్తవ బోధకు ఈ ఇద్దరి కథ ఆధారం. తప్పు ఒప్పుకోవడంతో పాటు, నష్టపోయినవారికి తిరిగి చెల్లించడం కూడా ఈ బోధలో భాగం. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్న జక్కయ్య ఇందుకు ఉదాహరణ.

ఆయన పుస్తకాలలో ఒకదాని పేరు, దావీదు పోగొట్టుకున్నదంతా తిరిగి పొందాడన్న అర్థాన్నిస్తుంది. బైబిలులోని మొదటి సమూయేలు 30వ అధ్యాయం దీనికి మూలం. దావీదు సౌలుకు భయపడి శత్రువులైన ఫిలిష్తీయుల వద్ద ఆశ్రయం పొందాడు. అతడు లేని సమయంలో అమాలేకీయులు సిక్లగు పట్టణాన్ని కాల్చి, స్త్రీలను, పిల్లలను చెరపట్టారు. సొంత అనుచరులే రాళ్ళతో కొట్టాలని అనుకున్నప్పుడు దావీదు దేవుని ఆశ్రయించి, ఆయన చిత్తం అడిగి, శత్రువులను తరిమి అన్నిటినీ తిరిగి తెచ్చుకున్నాడు. అలసిపోయి వాగు దగ్గర ఆగిపోయిన రెండువందల మందికి కూడా సమానంగా భాగం ఇచ్చాడు. దారితప్పిన విశ్వాసికి పోయిన సంతోషం, సహవాసం, సేవ తిరిగి లభిస్తాయని చెప్పడానికి ఈ కథ అనువైనది.

ఆయన జీవితంలోనూ ఇటువంటి మార్పు కనిపిస్తుంది. అట్ట కోసం బైబిలును చింపిన విద్యార్థి, మిగిలిన డెబ్బై ఏళ్ళూ ఆ ఒక్క గ్రంథాన్నే చదివి బోధించాడు.

విమర్శలు

భక్త్ సింగ్ సేవను అందరూ ఆమోదించలేదు. మిషను సంఘాలలో సభ్యులైనవారు మళ్ళీ బాప్తిస్మం పొంది వేరు సంఘాలుగా ఏర్పడడం పలువురు పాదరులకు, మిషను పెద్దలకు అభ్యంతరకరమైంది. కొత్త ఆత్మలను సంపాదించడానికి బదులు ఉన్న సంఘాలను చీలుస్తున్నాడన్న ఆరోపణ వచ్చింది. పుట్టిన సంఘాన్ని విడిచి వెళ్ళినవారి వల్ల కుటుంబాలలోను, పల్లెలలోను భేదాలు ఏర్పడ్డాయి. నామమాత్రపు విశ్వాసంతో తృప్తిపడిన సంఘాలలో ఆయన బోధ కదలిక తెచ్చిందని సమర్థకుల వాదన. విదేశీ ధనంపైన, విదేశీ నాయకత్వంపైన ఆధారపడని భారతీయ సంఘాలకు ఆయన మార్గం చూపాడన్నది చరిత్రకారులు సాధారణంగా అంగీకరించే విషయం.

రచనలు

ఆయన ప్రసంగాలు అనేకం పుస్తకాలుగా వెలువడ్డాయి. ప్రత్యక్ష గుడారాన్ని గూర్చిన దేవుని నివాస స్థలం, దేవుని మహిమ తిరిగి రావడాన్ని గూర్చిన పుస్తకం, తన మారుమనస్సును వివరించిన సాక్ష్యం వీటిలో ముఖ్యమైనవి. ఇవి ఇంగ్లీషులోను, తెలుగు మొదలైన భారతీయ భాషలలోను ప్రచురితమయ్యాయి. హెబ్రోను నుండి పత్రిక కూడా వెలువడింది. ఈ సంఘాలలో పాడే సీయోను గీతముల సంకలనం తెలుగు క్రైస్తవులలో ప్రసిద్ధమైనది.

చివరి సంవత్సరాలు, మరణం

వృద్ధాప్యంలో పార్కిన్సన్ వ్యాధి కారణంగా భక్త్ సింగ్ చాలాకాలం మంచానికి పరిమితమయ్యాడు. హెబ్రోనులోనే సహవాసులు ఆయనకు పరిచర్య చేశారు. 2000 సెప్టెంబరు 17న, 97 ఏళ్ళ వయసులో హైదరాబాదులో మరణించాడు. నారాయణగూడలోని క్రైస్తవ శ్మశానవాటికలో సమాధి చేశారు. అంత్యక్రియలకు వివిధ రాష్ట్రాల నుండి వేలాది మంది వచ్చారు. తండ్రి ఆస్తిని వదులుకుని వచ్చిన ఆయన, సొంత ఆస్తి అంటూ ఏదీ కూడబెట్టుకోలేదు.